ఇల్లంతా ఒకే మెరిసే టైల్స్ వేయొచ్చా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పాత పెంకుటిల్లు తీసేసి అదే జాగాలో డాబా ఇల్లు కట్టుకుంటున్నాం. శ్లాబు అయిపోయింది, గోడలకి ప్లాస్టరింగు జరుగుతోంది. నేల ఇంకా మట్టి నింపే దశలోనే ఉంది. హాలు, వంటిల్లు, రెండు పడగ్గదులు, చిన్న పూజ గది, రెండు బాత్‌రూములు, ముందు వరండా, వెనక పెరడు. డాబా మీదికి మెట్లు బయట నుంచే. మా వారికి ఇల్లంతా ఒకే రకం, నాలుగు అడుగులకి రెండు అడుగుల మెరిసే టైల్స్ వేయాలని ఉంది. షాపులో అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు. మా అత్తగారికి 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర పట్టుకుని నడుస్తారు. నిరుడు బరంపురంలో మా మరిదిగారింట్లో బాత్‌రూములో జారిపడ్డారు. అప్పట్నుంచి నున్నటి నేల కనబడితేనే హడలిపోతున్నారు. పాతకాలం ఎర్ర గచ్చే నయం అంటారు. నాకేమో పూజ గదికి తెల్ల మార్బుల్ వేయించుకోవాలని ఆశ. 2018లో తిత్లీ తుఫానుకి మా పాత ఇంట్లోకి నీళ్లొచ్చాయి, ఆ భయం ఇంకా పోలేదు. ఏ గదికి ఏది మంచిదో చెప్పండి. ఇంట్లో రోజూ దీనిమీదే మాటా మాటా వస్తోంది. - ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. మీ వారు కోరుకున్న మెరుపు హాల్లో ఉండొచ్చు. పూజ గదికి మార్బుల్ వేసుకోవచ్చు, కొన్ని జాగ్రత్తలు తీసుకుంటే. మీ అత్తగారు తిరిగే చోట మాత్రం ఆవిడ చెప్పిందే వినాలి. ఆ వయసులో జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్లీ మామూలుగా నడవడం ఎంత కష్టమో మనందరం ఎవరో ఒకరి ఇంట్లో చూసే ఉంటాం. అందుకే ఇల్లంతా ఒకే టైల్ అనే ఆలోచన వదిలేయండి. ప్రతి గదికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇక్కడ నేలమీద నీళ్లు పడతాయా? పడితే ఆ తడిలో కాలు పెట్టేది ఎవరు? రంగూ సైజూ ఆ తర్వాత చూసుకోవచ్చు.

అడ్వాన్స్ గురించి టెన్షన్ పడకండి. సరుకు ఇంకా దింపకపోతే ఆర్డరు మొత్తం రద్దు చేసుకోనక్కర్లేదు. అదే షాపులో కొంత భాగం మ్యాట్ రకానికి, అంటే మెరుపు లేకుండా కాస్త గరుగ్గా ఉండేదానికి, మార్చమని అడగండి. బేరం చెయ్యి దాటిపోదు కాబట్టి చాలామంది ఒప్పుకుంటారు. మీ వారు చూసిన మెరిసే టైల్స్ హాలుకి, మిగిలితే బాత్‌రూము గోడలకి వాడుకోవచ్చు. గోడమీద మెరుపుంటే మంచిదే, సబ్బు మరక ఒక్క తుడుపుకి పోతుంది. అంత పెద్ద టైల్ గోడకి అంటించేటప్పుడు మాత్రం ఉత్త సిమెంటు పాలతో సరిపెట్టకుండా టైల్ అడెసివ్ అనే జిగురు వాడమనండి. విట్రిఫైడ్ టైల్ (బాగా కాల్చి గాజులా బిగిసేలా చేసినది) నీటిని నూటికి అర వంతు కూడా పీల్చుకోదు. పీల్చుకోని వస్తువుని సిమెంటు పాలు గట్టిగా పట్టుకోలేవు. బరువైన టైల్ గోడమీంచి ఊడిపడితే ప్రమాదం.

మీరు అడగకపోయినా టైల్స్ కంటే ముందు చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. మీ నేల ఇంకా మట్టి దశలో ఉండటం మీ అదృష్టం, ఇప్పుడైతే అన్నీ సరిచేసుకోవచ్చు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటిన రోజు మన గజపతి జిల్లాలో ఎంత వాన కురిసిందో మీకు నేను చెప్పాలా? లోపలి నేల మట్టం చుట్టూ ఉన్న నేలకంటే కనీసం అడుగున్నర ఎత్తులో ఉందో లేదో ముందు కొలిపించండి. మీ జాగా ఇదివరకే మునిగింది కాబట్టి ఆ రోజు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, అంతకంటే పైకి పెట్టుకోండి. రోడ్డు మీద కొత్తగా సిమెంటు వేసినప్పుడల్లా అది నాలుగైదు అంగుళాలు లేస్తుంది, ఆ లెక్క కూడా కలపండి.

మట్టి నింపడం ఒకేసారి దిమ్మరించి పైన చదును చేసేస్తే సరిపోదు. అరడుగు చొప్పున పొరలు వేసి, తడిపి, దిమ్మిస చేయించాలి. లేకపోతే రెండు వానాకాలాలు తిరిగేసరికి నేల కుంగుతుంది, ఆ మీద ఎంత ఖరీదైన టైల్ వేసినా పగుళ్లు వస్తాయి. చెదల మందు కొట్టించాల్సింది కూడా కాంక్రీటు వేయకముందే. ఆ తర్వాత మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దానిమీద నాలుగంగుళాల కాంక్రీటు. ఈ షీటుకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. చాలామంది మేస్త్రీలు అక్కర్లేదంటారు, మీరు మాత్రం వదలకండి. వానాకాలంలో భూమిలోంచి పైకి పాకే చెమ్మని ఆపేది అదే. ఆ చెమ్మ వల్లే రాళ్ల సందుల్లో తెల్లటి పొడి లేస్తుంది, మార్బుల్ పచ్చబడుతుంది, గోడల కింద సున్నం పొక్కులు పొక్కుతుంది.

అలాగే గుమ్మాలు బిగించేముందే ప్రతి గదికీ పూర్తయిన నేల ఎత్తు ఎంతో గోడమీద గీత గీయించండి. టైల్‌కీ దాని కింద మాలుకీ కలిపి సుమారు రెండంగుళాలు పడుతుంది. గ్రానైట్, మార్బుల్ ఇంకాస్త మందం. ఒక గదికి ఇది, ఇంకో గదికి అది వేస్తే మాలు మందం తేడా చేసి పైన సమానం చేయాలి. ఈ లెక్క ముందు వేసుకోకపోతే గదికీ గదికీ మధ్య అరంగుళం మెట్టు మిగిలిపోతుంది. కర్ర పట్టుకుని నడిచే మనిషికి పెద్ద మెట్టు కంటే ఆ అరంగుళమే ప్రమాదం. పెద్ద మెట్టు కంటికి కనబడుతుంది, ఇది కనబడదు.

ఇప్పుడు బాత్‌రూము. మొత్తం ఇంట్లో మీ అత్తగారి బాత్‌రూము మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, ఖర్చు తగ్గించుకోవాలంటే హాల్లో తగ్గించుకోండి. నేలకి ఒక అడుగుకి ఒక అడుగు ఉండే చిన్న మ్యాట్ టైల్స్ తీసుకోండి. చిన్నవి ఎందుకంటే, నీళ్లు నహానీ ట్రాప్ (నేలలో నీళ్లు పోయే జాలీ) వైపు పోవాలంటే నేల నాలుగు పక్కల నుంచీ వాలు ఉండాలి. పెద్ద టైల్‌ని నాలుగు వైపులా వాల్చలేం, అది ఒక పక్కే వాలుతుంది, నీళ్లు మూలన నిలబడిపోతాయి. పైగా చిన్న టైల్స్‌కి సందులు ఎక్కువ, ఆ సందుల్లో కాలికి పట్టు దొరుకుతుంది.

టైల్ గరుకుని ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా అంకెలతో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. బాత్‌రూముకి ఆర్ 10 కానీ ఆర్ 11 కానీ అడగండి. అంతకంటే గరుకైతే మురికి పట్టుకుని వదలదు, తోమలేక మీరే విసిగిపోతారు. షాపులో ఈ అంకె చెప్పలేకపోతే మీరే పరీక్ష చేసుకోవచ్చు. టైల్‌ని నేలమీద పెట్టించి, చెంబుడు నీళ్లు పోయించి, చెప్పులు విప్పి కాలు పెట్టి ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. తర్వాత కాస్త సబ్బు నీళ్లు వేసి ఇంకోసారి. పొడి టైల్ మీద చేత్తో రుద్ది 'గరుగ్గానే ఉంది' అనుకుని కొనేస్తే మోసపోతాం. కొన్ని మ్యాట్ టైల్స్ పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉండి సబ్బు తగలగానే జారతాయి. వీలైతే మీ అత్తగారిని కూడా షాపుకి తీసుకెళ్లండి. ఆవిడ కాలు పెట్టి బాగుంది అన్నది కొంటే ఆవిడకి భయం సగం అక్కడే పోతుంది.

రంగు విషయంలో ఒక మాట. బాత్‌రూము నేల, గోడ, కమోడ్ అన్నీ తెల్లగా ఉంటే చూపు తగ్గినవాళ్లకి ఏది ఎక్కడ మొదలైందో తెలీదు. నేలకి ముదురు బూడిద రంగో ఇటుక రంగో వేసి గోడలు లేత రంగులో ఉంచండి. పడగ్గదికీ బాత్‌రూముకీ మధ్య అరంగుళం పల్లం చాలు, నీళ్లు బయటికి రాకుండా అంచున ఏటవాలుగా చెక్కిన గ్రానైట్ పట్టీ వేయించండి. పాత పద్ధతిలో నాలుగంగుళాల గడప కట్టారంటే ఆవిడ రోజుకి పదిసార్లు కాలెత్తి దాటాలి. వాలు విషయానికొస్తే నాలుగు అడుగుల దూరానికి అరంగుళం నుంచి ముప్పావు అంగుళం దాకా ఉంటే నీళ్లు నిలవవు, నిలబడినవాళ్లకి ఏటవాలుగానూ అనిపించదు. టైల్స్ వేసేముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ట్రాప్ మూసి, ఒక రోజంతా నీళ్లు నింపి ఉంచండి. మర్నాటికి మట్టం తగ్గినా, పక్కగది గోడ చెమర్చినా అప్పుడే బాగుచేయించుకోవచ్చు. టైల్ వేశాక తెలిస్తే పగలగొట్టడమే గతి. కమోడ్ పక్కన గోడకి స్టీలు కడ్డీ బిగించుకునే చోటు కూడా ఇప్పుడే గుర్తుపెట్టించండి.

మీ అత్తగారి పడగ్గదికి మ్యాట్ విట్రిఫైడ్ వేయండి, రెండడుగులకి రెండడుగులది. ఆవిడ ఎర్ర గచ్చు అడుగుతున్నారంటే అందులో తెలివి ఉంది. బాగా వేసిన ఎర్ర గచ్చు కాలికి ఎంతో హాయిగా ఉంటుంది, గ్రానైట్‌లా చల్లగా తగలదు, సందులు లేవు, ఏళ్లు గడిచేకొద్దీ నునుపు తేలుతుంది. చిక్కల్లా పనివాళ్లతోనే. సిమెంటులో ఎర్ర ఆక్సైడ్ సరైన పాళ్లలో కలిపి, ఒకే రోజు ఒకే చేత్తో నునుపు తీసి, వారం పదిరోజులు తడి ఆరకుండా చూడాలి. అది తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు చాలా తగ్గిపోయారు. చేయి తిరగనివాడి చేత వేయిస్తే మచ్చలూ, వెంట్రుకవాసి పగుళ్లూ వస్తాయి, వాటిని తర్వాత అతికినా కనబడతాయి. పర్లాకిమిడిలో కానీ పాతపట్నం వైపు కానీ ఇటీవల ఎర్ర గచ్చు వేసిన మేస్త్రీ ఎవరైనా ఉంటే, ఆయన వేసిన ఇల్లు వెళ్లి చూసి, బాగుంటే ఆ ఒక్క గదికి వేయించండి. ఆవిడ సంతోషిస్తారు. దొరక్కపోతే ఇటుక రంగు మ్యాట్ టైల్ వేసి, మంచం దిగే చోట అడుగున రబ్బరు ఉన్న చాప పరవండి. అడుగున పట్టులేని పట్టాలూ డోర్‌మ్యాట్లూ ఆవిడ గదిలోకి రానివ్వకండి, వాటివల్ల జారేవాళ్లు టైల్స్ వల్ల జారేవాళ్లకేం తీసిపోరు.

చెక్కలా కనిపించే ల్యామినేట్ వేయమని ఎవరైనా చెబితే వద్దనండి. మన దగ్గర గాలిలో తడి ఎక్కువ, చెద ఉంది, మీ ఇంటికి వరద కూడా ఒకసారి వచ్చింది. నీళ్లు తగిలితే అది ఉబ్బి అంచులు లేస్తుంది. చెక్క రూపం మీద అంత ఇష్టముంటే అదే డిజైన్‌లో మ్యాట్ టైల్స్ వస్తాయి.

వంటింట్లో నీళ్లకంటే నూనె తడి ప్రమాదం. ఇక్కడ కూడా మ్యాట్ విట్రిఫైడే, కానీ బాత్‌రూమంత గరుకు వద్దు, జిడ్డు పట్టేస్తుంది. మరీ తెలుపూ మరీ నలుపూ కాకుండా మధ్యరకం రంగు తీసుకోండి. సందులు నింపడానికి ఎపాక్సీ గ్రౌటు, అంటే మరక పీల్చుకోని జిగురు రకం, వాడమనండి. మామూలు సిమెంటు గ్రౌటు పసుపునీ నూనెనీ పీల్చుకుని ఆరు నెలల్లో నల్లబడుతుంది. ఎపాక్సీ ఖరీదు ఎక్కువే, కానీ వంటింటికీ బాత్‌రూములకీ వాడితే చాలు, ఇల్లంతా అక్కర్లేదు. కొబ్బరికాయ కొట్టడానికీ, అల్లం దంచుకోవడానికీ పెరటి గుమ్మం దగ్గర ఒక గ్రానైట్ ముక్క విడిగా వేయించుకోండి. టైల్ మీద రోలు పెట్టి దంచితే ఎంత మంచి టైలైనా చిట్లుతుంది. గ్యాస్ గట్టుకి కూడా గ్రానైటే. మనకి టెక్కలి చుట్టుపక్కల క్వారీల నుంచి మంచి నీలి గ్రానైట్ దగ్గర్లోనే వస్తుంది. దూరం నుంచి తెప్పించిన రాయికి లారీ ఖర్చు పెట్టేకంటే అక్కడికి వెళ్లి పలకలు కళ్లతో చూసి తెచ్చుకోవడం మేలు.

హాలు మీ వారికి వదిలేయండి. వీధి తలుపు దగ్గర మాత్రం జాగ్రత్త. చెప్పులతో వచ్చే ఇసుక మెరిసే టైల్‌కి పెద్ద శత్రువు. ఇసుకలో ఉండే పలుగురాయి రేణువులు టైల్ మీది గాజు పూత కంటే గట్టివి, కాళ్ల కింద నలిగి గీతలు పెడతాయి. మీ వారు చూసింది పైన డిజైన్ ముద్రించిన రకమా, డబుల్ చార్జా అని షాపులో అడగండి. డబుల్ చార్జ్‌లో రంగు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు దాకా ఉంటుంది, ఏళ్ల తరబడి నడిచినా డిజైన్ అరిగిపోదు. ముద్రించిన రకంలో బొమ్మ అందంగా ఉంటుంది గానీ అది పైపొరలోనే. పిల్లల సైకిలూ, కుర్చీలు లాగడాలూ ఉండే ఇల్లయితే నేను డబుల్ చార్జ్ వైపే మొగ్గుతాను. ఇంకొకటి, మెరిసే నేలమీద కిటికీ వెలుగు పడితే చూపు మందగించినవాళ్లకి అక్కడ నీళ్లున్నట్టు కనిపించి అడుగు తడబడుతుంది. మీ అత్తగారు తన గదిలోంచి వంటింట్లోకి, వరండాలోకి నడిచే దారి హాల్లోంచే అయితే, ఆ దారి మేరకు అదే రంగులో మ్యాట్ టైల్స్ రెండు వరసలు వేయించండి. పక్కపక్కన చూస్తే డిజైన్‌లానే ఉంటుంది.

పూజ గది చిన్నది కాబట్టి మార్బుల్‌కి ఖర్చు పెద్దగా కాదు, వేయించుకోండి. కానీ దాని గుణం తెలిసి వేయించుకోండి. మార్బుల్ సున్నపురాయి జాతి. పులుపు ఏది తగిలినా దాన్ని తింటుంది. అమ్మవారికి నిమ్మడిప్పల్లో దీపం పెట్టే అలవాటుంటే ఆ రసం ఒక్క చుక్క పడ్డచోట మెరుపు పోయి మచ్చ తేలుతుంది, అది మరక కాదు కాబట్టి ఎంత తుడిచినా పోదు, మళ్లీ పాలిష్ పట్టాల్సిందే. పసుపు, కుంకుమ, నూనె లోపలికి ఇంకుతాయి. అందుకని దీపాలు పెట్టే చోట, కూర్చునే పీటకి ముందు ఒక నల్ల గ్రానైట్ పలక వేసి మిగతాది మార్బుల్ చేయించండి. వేసేటప్పుడు మార్బుల్ అడుగున తెల్ల సిమెంటు పాలు వాడాలి, మామూలు సిమెంటైతే బూడిద రంగు పైకి తేలుతుంది. పాలిష్ అయ్యాక మరకలు ఇంకకుండా సీలర్ పూత కొట్టించి, రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ కొట్టించుకోవాలి.

వరండా సంగతి. తుఫాను వాన నిలువుగా పడదు, గాలితో అడ్డంగా కొడుతుంది, వరండా తడవక తప్పదు. హాలు కంటే ఒకటి రెండంగుళాలు పల్లంగా, వాలు బయటివైపు ఉంచండి. గరుకు చేసిన గ్రానైట్ ఇక్కడికి చాలా బాగుంటుంది. పాలిష్ పట్టింది మాత్రం వద్దు. నేలంతా రాయీ టైలూ కప్పేయకుండా గేటు ముందు నాలుగడుగుల జాగా మామూలు సిమెంటు గచ్చుగా వదలండి. కల్లాపి చల్లి ముగ్గేసుకోవడానికి అదే బాగుంటుంది. మార్గశిర లక్ష్మివారాలకి మనం ముగ్గు పెట్టినా, ఇరుగుపొరుగు ఒడియా వాళ్లలా బియ్యప్పిండి కలిపి ఝోటి వేసినా, నున్నటి టైల్ మీద ఆ పిండి నిలవదు, పైగా దానిమీద కాలేస్తే జారుతుంది.

పెరట్లో గిన్నెలు తోముకునే చోట పాలిష్ లేని కడప బండలు చాలు. చింతపండుతో ఇత్తడి తోముతారు కాబట్టి అవి మచ్చలు పడతాయి, పడనివ్వండి, అక్కడ అందం చూసేవాళ్లెవరు. రెండో పడగ్గదికి మీ ఇష్టం.

మెట్లకి గ్రానైట్ వేయించి ప్రతి మెట్టు అంచునా రెండు మూడు గాడులు కొట్టించండి. అంతకంటే ముఖ్యం, మెట్ల ఎత్తులన్నీ ఒక్కలా ఉండటం. కింద నేలకీ పైన డాబాకీ మందం చేరాక మొదటి మెట్టూ ఆఖరి మెట్టూ మిగతావాటికంటే పొట్టిగానో పొడుగ్గానో మారిపోతాయి. కాలు అలవాటుగా ఒకే ఎత్తు అనుకుని పడుతుంది, అక్కడే తూలుతాం. మెట్లకి రాయి పరిచేముందు టేపు పెట్టి కొలవమనండి.

టైల్స్ వేసేటప్పుడు మీరు గానీ మీ వారు గానీ మొదటి రోజు దగ్గరుండండి. టైల్ వెనక నాలుగు మూలలా నడిమధ్యనా ముద్దలు పెట్టి అతికేస్తుంటే ఆపేయండి. ఆ ముద్దల మధ్య ఖాళీ మిగిలిపోతుంది, దానిమీద బరువైనది ఏదైనా పడితే టైల్ పగులుతుంది. వెనకంతా నిండుగా మాలు ఉండాలి. ఒక టైల్ వేసిన వెంటనే లేపించి వెనక చూడండి, మేస్త్రీకి కోపం వస్తే రానివ్వండి. మర్నాడు రూపాయి బిళ్లతో టైల్స్ అన్నీ తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చినవాటికి సుద్దతో గుర్తు పెట్టి మార్పించండి. టైల్‌కీ టైల్‌కీ మధ్య స్పేసర్లు పెట్టి రెండు మిల్లీమీటర్లయినా సందు వదలాలి, గోడ దగ్గర ఇంకాస్త. ఎండకి టైల్స్ సాగుతాయి. చోటు లేకపోతే ఎండాకాలం ఒకనాడు రెండు టైల్స్ ఢామ్మని పైకి లేచి గుడారంలా నిలబడతాయి, అప్పుడు అందరూ భూకంపం అనుకుని భయపడతారు.

పని అయ్యాక సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోసి కడుగుతామంటారు. ఒప్పుకోవద్దు. యాసిడ్ సందుల్లోని గ్రౌటుని తినేస్తుంది, మార్బుల్‌నీ కడప బండల్నీ మొజాయిక్‌నీ పాడు చేస్తుంది. ఆ రోజు సాయంత్రమే తడిగుడ్డతో తుడిపిస్తే యాసిడ్ అవసరమే రాదు. తర్వాత ఇంట్లో రోజూ తుడుచుకునేటప్పుడు కూడా మార్బుల్ గదిలో బాత్‌రూము కడిగే యాసిడ్ సీసాలు వాడకండి.

ఎన్ని పెట్టెలు కొనాలన్నది మేస్త్రీ నోటిలెక్కకి వదలకండి. హాలు 12 అడుగులకి 14 అడుగులనుకుందాం, 168 చదరపు అడుగులు. తలుపులు పోను గోడల అడుగున చుట్టూ వేసే నాలుగంగుళాల స్కర్టింగ్ పట్టీకి ఇంకో 15. ముక్కలు కోతలో పోయేదానికి నూటికి ఎనిమిది కలిపితే 198 దగ్గరకొస్తుంది. రెండడుగుల టైల్స్ నాలుగుండే పెట్టె సుమారు 15.5 చదరపు అడుగులకి సరిపోతుంది, అంటే 13 పెట్టెలు. నాలుగు అడుగుల పొడవు టైల్స్ అయితే ఒక్కో పెట్టెలో ఎన్నో షాపులో అడిగి ఇలాగే లెక్క వేయండి, చిన్న గదుల్లో వాటికి కోత ఎక్కువ పోతుందని గుర్తుంచుకోండి. దిగగానే పెట్టెలన్నిటి మీదా షేడ్ నంబరూ బ్యాచ్ నంబరూ ఒకటేనా చూసుకోండి. ఒకే పేరున్న టైల్ కూడా బ్యాచ్ మారితే రంగు కొద్దిగా మారుతుంది, పక్కపక్కన పెట్టాకే తెలుస్తుంది. లెక్కకి మించి ఒక్కో రకానికి ఒక పెట్టె ఎక్కువ కొనండి. రెండేళ్ల తర్వాత పైపు కోసం ఒక టైల్ పగలగొట్టాల్సి వస్తే ఆ రంగు బజారులో దొరకదు. ఆ పెట్టెల్ని మెట్ల కింద తడి తగలకుండా పెట్టించి, పెట్టె మీది నంబర్లకీ బిల్లుకీ ఫొటో తీసి ఉంచండి.